‘12+ ఆటను ఏడేళ్లకే గెలిచేస్తున్నాడు’: యుద్ధ విమానాల ఆటలపై అపోహలు - వాస్తవాలు

“మా వాడు చాలా చురుకు మేడమ్. 12 ఏళ్ల పిల్లల ఆటను ఏడేళ్లకే గెలిచేస్తున్నాడు.”

నందికొట్కూరు నుంచి వచ్చిన ఒక తల్లి అన్న మాట ఇది. చెబుతున్నప్పుడు ఆమె ముఖం వెలిగిపోయింది. వచ్చిన పని మాత్రం వేరు. మూడు వారాలుగా బాబు రాత్రిపూట లైటు ఆర్పనివ్వడం లేదు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. ఈ రెండు విషయాలకూ సంబంధం ఉండవచ్చని ఆమెకు తట్టనే లేదు. ఆమెను తప్పు పట్టను. కర్నూలులో పిల్లల కౌన్సెలర్‌గా పద్నాలుగేళ్లుగా పని చేస్తున్నాను. ఈ మాట నా గదిలో ఎన్నిసార్లు వినిపించిందో లెక్కే లేదు. ఒకరు ట్యాంకుల ఆట అంటారు, ఒకరు తుపాకుల ఆట అంటారు, ఈ మధ్య ఎక్కువగా యుద్ధ విమానాల ఆట అంటున్నారు. అంకె మీద నమ్మకం మాత్రం అందరిదీ ఒకటే.

అపోహ: ఆట పక్కన ఉన్న వయసు, ఆ ఆట ఎంత కష్టమో చెబుతుంది.

చెప్పదు. ఎంతమాత్రం చెప్పదు. మిగతావన్నీ మరిచిపోయినా ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఆ అంకె తెలివికి కొలమానం కాదు. ఆటలో ఏం కనిపిస్తుంది, ఏం వినిపిస్తుంది, ఎలాంటి మాటలు వస్తాయి, భయపెట్టేవి ఉన్నాయా, జూదం లాంటివి ఉన్నాయా అన్నది చూసి వేసే అంకె అది.

ఒక ఉదాహరణ చెబుతాను. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020లో వచ్చింది. యూరప్‌లో వాడే పెగీ రేటింగ్ ప్రకారం దాని వయసు 3. మూడేళ్ల బిడ్డ ఆ విమానాన్ని రన్‌వే మీద దించగలడా? పెద్దవాళ్లకే రోజులు పడుతుంది. మీటలు, మీటర్లు, గాలివాటం, అన్నీ నేర్చుకోవాలి. అందులో ఎవరూ ఎవరినీ కాల్చరు, అందుకే దానికి 3. మరో పక్క 2019లో వచ్చిన ఏస్ కంబాట్ 7 ఉంది, యుద్ధ విమానాలతో కాల్చే ఆట. ఆడటం దానికన్నా ఎంతో సులువు. అయినా పెగీ దానికి 12 ఇచ్చింది, అమెరికాలోని రేటింగ్ సంస్థ ఈఎస్ఆర్‌బీ ‘టి’ ఇచ్చింది, అంటే 13 ఏళ్లు నిండినవారికి. కష్టమైన ఆటకు చిన్న అంకె, సులువైన ఆటకు పెద్ద అంకె. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

సినిమాలకు సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు వంటిది మన దేశంలో ఆటలకు లేదు. ప్లే స్టోర్‌లో మీకు కనిపించే అంకె ఐఏఆర్‌సీ అనే అంతర్జాతీయ కూటమి పద్ధతిలో వస్తుంది. ఆట తయారు చేసినవారు ఒక ప్రశ్నావళి నింపుతారు, ఆ జవాబులను బట్టి వయసు తేలుతుంది. దానివల్ల ఉపయోగం లేదని నేను అనను. ప్రతి తల్లీ తండ్రీ ముందుగా చూడాల్సింది దాన్నే. కానీ అంకె చూసి తలుపు మూసేస్తే సరిపోదు. యుద్ధ విమానాల ఆటల్లో ఇది మరీ ముఖ్యం. ఎందుకంటే ఆకాశం నుంచి మనుషులు కనిపించరు. నెత్తురు కనిపించదు. అంటుకున్న విమానం మేఘాల్లోకి జారిపోతుంది, అంతే. కనిపించేది తక్కువ కాబట్టి అంకె కూడా చిన్నదిగానే ఉండవచ్చు. పసిమనసును పట్టుకునేది కనిపించేది ఒక్కటే కాదు కదా.

నందికొట్కూరు బాబుతో మాట్లాడుతున్నప్పుడు మా వీధిలో నీళ్ల ట్యాంకర్ ఒకటి వెనక్కి వచ్చింది. రివర్సు హారన్ కీచు కీచుమని మోగింది. బాబు చేతిలో ఉన్న రంగు పెన్సిల్ వదిలేసి రెండు చెవులూ మూసుకున్నాడు. భుజాలు బిగుసుకుపోయాయి. ట్యాంకర్ వెళ్లిపోయాక మెల్లగా అడిగాను. “మిస్సైల్ వెనక పడినప్పుడు ఇట్లాగే మోగుతుంది. తప్పించుకోకపోతే చచ్చిపోతాం” అన్నాడు. రోజుకు రెండు గంటలు, చెవులకు హెడ్‌ఫోన్లు, ఆ మోత. తల్లి ఎన్నోసార్లు తొంగి చూసిందట. తెర మీద నీలి ఆకాశం, విమానాలు, అంతే కనిపించాయి. మోత ఆమెకు వినిపించలేదు, హెడ్‌ఫోన్లు బాబు చెవులకే ఉన్నాయి. ఆట మాన్పించి, పడుకునే ముందు నాయనమ్మతో కథలు చెప్పించడం మొదలుపెట్టాక నెలలోపే లైటు ఆర్పనిచ్చాడు.

అంకె చెప్పనిది మరొకటి ఉంది, ఎదుట ఆడే మనిషి. ఇంటర్నెట్‌లో నలుగురితో కలిసి ఆడే ఆటల్లో తోటి ఆటగాళ్లు ఏం మాట్లాడతారో దానికి ఏ రేటింగూ పూచీ పడదు. ఆదోని నుంచి ఒక పాపను తీసుకొచ్చారు, వయసు 11. ఆడపిల్లలు ఇవి ఆడరని అనుకునేవారు ఆ పాపను చూడాలి, రెండో ప్రపంచ యుద్ధపు విమానాల పేర్లు గడగడా చెబుతుంది. ఆమె జట్టులో ‘అన్న’ ఒకడు చేరాడు. కొత్త విమానం కొనడానికి బంగారు నాణేలు ఉచితంగా ఇస్తానన్నాడు. అమ్మ ఫోనుకు వచ్చే ఓటీపీ అంకెలు చెబితే చాలన్నాడు. పాప చెప్పింది. తండ్రి పత్తి అమ్మి బ్యాంకులో వేసుకున్న డబ్బులోంచి నలభై వేలు పోయాయి. భయంతో పాప రెండు రోజులు అన్నం తినలేదు. తండ్రి కొట్టలేదు, అదొక్కటే ఆ ఇంట్లో జరిగిన మంచి. ఇలాంటిది జరిగితే ముందు బిడ్డను దగ్గరకు తీసుకోండి, ఆ వెంటనే 1930కి ఫోన్ చేయండి. సైబర్ మోసాల ఫిర్యాదుకు అదే నంబరు. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. ఆటలో ఎవరైనా ఫోటోలు అడిగినా, బయట కలుద్దామన్నా పిల్లల సహాయ నంబరు 1098 ఉంది.

మరి ఆట మంచిదో కాదో ఎలా తేల్చుకోవాలి? పక్కన కూర్చోండి. అరగంట చాలు. హెడ్‌ఫోన్లు తీయించి శబ్దం బయటికి పెట్టించండి. విమానం కూలినప్పుడు ఆట ఏం చూపిస్తుందో చూడండి. పైలట్ పారాచూట్‌తో దిగుతాడా, కేకలు వినిపిస్తాయా, కూలిన వెంటనే మళ్లీ కొత్త విమానం ఇస్తుందా? మాటల (చాట్) సౌకర్యం ఆపివేసే వీలుందేమో సెట్టింగుల్లో వెతకండి. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి, ఆ పాస్‌వర్డ్ పిల్లల పుట్టినరోజు కాకూడదు. ఆ తరువాత ఆటను కాదు, బిడ్డను చూడండి. ఓడిపోయినప్పుడు నవ్వి మళ్లీ మొదలుపెడుతున్నాడా, ఫోను విసిరేస్తున్నాడా? అదే వయసున్న ఇద్దరు పిల్లలు ఒకేలా ఉండరు.

నా అనుభవం నుంచి అయితే ఎనిమిదేళ్లలోపు పిల్లలకు కాల్పుల ఆట ఏదీ వద్దంటాను. విమానాలంటే అంత ఇష్టమైతే ఊరికే ఎగిరే ఆటలున్నాయి. తొమ్మిది నుంచి పన్నెండు వరకు, అంకె అనుమతిస్తే, ఇంటర్నెట్ లేకుండా, హాల్లో, పెద్దవాళ్ల ఎదుట. ఆ పైన నలుగురితో కలిసి ఆడవచ్చు, తెలిసిన స్నేహితులతో, అపరిచితుల మాటలు ఆపి.

అపోహ: యుద్ధం ఆటలు ఆడితే పిల్లలు హంతకులవుతారు.

ఈ పుకారుతో పిల్లలను చావబాదిన ఇళ్లు చూశాను, అందుకే కోపం వస్తుంది. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020 మార్చిలో చెప్పింది ఇది: హింసాత్మక ఆటలే హింసాత్మక నేరాలకు కారణమనడానికి తగిన ఆధారాలు లేవు. అరవడం, తోసేయడం వంటి దురుసుతనంతో మాత్రం చిన్నపాటి సంబంధం ఉంది. ఆ దురుసుతనం కనిపిస్తే సమయం తగ్గించండి. బెల్టు తీయకండి.

అపోహ: ఎక్కువసేపు ఆడితే అది వ్యసనమే.

వేసవి సెలవుల్లో నాలుగు గంటలు ఆడటం వ్యసనం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో గేమింగ్ డిజార్డర్ ఉంది, 2022 జనవరి 1 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం ఆట మీద అదుపు పోవాలి, అన్నిటికన్నా ఆటే ముఖ్యమైపోవాలి, నష్టం జరుగుతున్నా మానలేకపోవాలి, ఇది సాధారణంగా 12 నెలలు సాగాలి. అనుమానంగా ఉంటే 14416కు ఫోన్ చేయండి, అది మానసిక ఆరోగ్య సహాయానికి ఉన్న టెలీ మానస్ ఉచిత నంబరు.

అపోహ: ఇవి ఆడితే వైమానిక దళంలో పైలట్ అవుతాడు.

కర్నూలు దగ్గర ఓర్వకల్లులో 2021లో విమానాశ్రయం మొదలైనప్పటి నుంచి ఈ ఆశ మరీ పెరిగింది. ఆశ మంచిదే. నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) ద్వారా వైమానిక దళానికి వెళ్లాలంటే ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం ఉండాలి. ఆట స్కోరు ఎవరూ అడగరు.

అపోహ: పిల్లలకు ఆటకూ నిజానికీ తేడా తెలియదు.

మరీ చిన్నపిల్లల విషయంలో నిజమే. పెద్దపిల్లల విషయంలో మాత్రం మనకే తెలియడం లేదు. 2025 మే నెలలో సరిహద్దులో దాడులు జరుగుతున్నప్పుడు, కర్నూలు బుధవారపేటలో ఒక తండ్రి యుద్ధ విమానం కూలుతున్న వీడియోను బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. 13 ఏళ్ల కొడుకు చూసి, “నాన్నా, ఇది ఆట. పొగ చూడు, ప్రతిసారీ ఒకేలా లేస్తుంది” అన్నాడు. తండ్రి నమ్మలేదు. అబ్బాయి తన కంప్యూటర్‌లో అదే దృశ్యం తెరిచి చూపించాడు. ఆర్మా 3 అనే ఆట దృశ్యాలు నిజమైన యుద్ధంగా తిరుగుతున్నాయని, దాన్ని తయారు చేసిన బొహీమియా ఇంటరాక్టివ్ సంస్థే 2022 నవంబరులో ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది.

ఆ అబ్బాయితో ఒక గంట మాట్లాడాను. జపాన్ విమానాలంటే ప్రాణం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయని చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “మన విశాఖేనా?” అని అడిగాడు. ఆట మానమని నేను చెప్పలేదు. ఆ రోజు గురించి ఎక్కడ చదవవచ్చో అడిగి వెళ్లాడు.

మా ఇంట్లోనూ ఒకడున్నాడు, 14 ఏళ్లు. నిరుడు సంక్రాంతికి మా మేనమామ వచ్చారు. వైమానిక దళంలో ఇంజన్ ఫిట్టర్‌గా పని చేశారు. 1971 డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు పఠాన్‌కోట్ మీద దాడి చేసినప్పుడు అక్కడే ఉన్నారు, అప్పుడు ఆయనకు 21 ఏళ్లు. మా వాడు ఒక వైమానిక స్థావరం మీద బాంబులు వేస్తుంటే పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఇంధనం ఎంత ఉంది, ఎంత ఎత్తులో ఉన్నావు అని అడిగారు. వాడు ఉత్సాహంగా చెప్పాడు. కాసేపటికి, “నేనెక్కడున్నాను ఇందులో?” అన్నారు.

వాడికి అర్థం కాలేదు. “సైరన్ మోగగానే మేము కందకంలో దూకేవాళ్లం. ఆ షెడ్డు పక్కన ఉంటుంది కందకం. చూపించు” అన్నారు.

వాడు విమానాన్ని బాగా కిందికి దించాడు. స్థావరం చుట్టూ రెండుసార్లు తిప్పాడు. షెడ్లున్నాయి, లారీలున్నాయి, వరుసగా నిలబెట్టిన విమానాలున్నాయి. మూడోసారి ఇంకా కిందికి తెచ్చి చూశాడు.

“మనుషుల్ని పెట్టలేదు తాతా” అన్నాడు.