జవాబు నేను రాయను

చిరంజీవులు రవళికి, కార్తీక్‌కి,

తాతయ్య ఆశీస్సులు. రాత్రంతా మన కంప్యూటర్ ఎందుకు ఆన్‌లో ఉంటుందని పోయిన సెలవుల్లో అడిగారు కదా. అది గింప్స్ అనే ప్రాజెక్టుకు లెక్కలు చేస్తుంటుంది. 1996లో జార్జ్ వోల్ట్‌మన్ మొదలుపెట్టారు. 2 ఘాతాల్లోంచి 1 తీస్తే వచ్చే సంఖ్యల్లో పెద్ద పెద్ద ప్రధాన సంఖ్యలను, ఇళ్లలో ఖాళీగా ఉన్న కంప్యూటర్లతో వెతికిస్తారు. మరి ముక్కూమొహం తెలియనివాళ్ల మెషీన్ పంపిన జవాబును నమ్మేదెలా?

ముందు ఒక చిన్న లెక్క. 2 ఘాతం 5లోంచి 1 తీస్తే 31. ఇది ప్రధాన సంఖ్యేనా? 4తో మొదలుపెట్టండి. వర్గం చేసి, 2 తీసేసి, 31తో భాగించి శేషం ఉంచుకోండి. మొదట 14 వస్తుంది. తర్వాత 194, దాని శేషం 8. ఆ తర్వాత 62, శేషం సున్నా. ఘాతం కన్నా రెండు తక్కువ సార్లు, అంటే మూడుసార్లు చేశాం. చివర సున్నా వచ్చింది కాబట్టి 31 ప్రధాన సంఖ్యే.

అసలు పనిలో ఇలా కోట్లసార్లు చేయాలి. మధ్యలో ఒక్క అంకె తప్పితే ఆపైన అంతా తప్పే. అందుకే అదే సంఖ్యను ఇంకొకరి కంప్యూటర్‌కూ ఇచ్చేవారు. సున్నా రాకపోయినా సరే, ఇద్దరి శేషాలూ కలవాలి. కలవకపోతే మూడో మెషీన్‌కి పంపుతారు. ఒక మే నెలలో, ఫ్యాన్ నిండా దుమ్ము పట్టి వేడెక్కిన నా కంప్యూటర్ జవాబు అలాగే పక్కన పడింది. రెండు రోజులు బాధపడ్డాను. కానీ ఆ తప్పు అక్కడే ఆగిపోయిందంటే ఎంత హాయిగా అనిపించిందో!

ఇద్దరి ఎక్కాల పుస్తకంలోనూ ఒకే అచ్చుతప్పు ఉన్నట్టు, రెండు మెషీన్ల ప్రోగ్రాములోనూ ఒకే తప్పు ఉంటే మాత్రం ఇద్దరికీ ఒకే తప్పు జవాబు రావచ్చు. దానికీ ఉపాయం ఉంది. రెండోసారి లెక్కలో అంకెలను బైనరీలో, అంటే 0, 1లతోనే రాసే పద్ధతిలో, కొన్ని స్థానాలు పక్కకు జరిపి మొదలుపెడతారు. దారి పొడవునా అంకెలు వేరు, చివర సర్దితే జవాబు ఒకటే రావాలి. నాకు బాగా నచ్చింది ఇదే. 2020 నుంచి ఇంకో పద్ధతి వచ్చింది. కంప్యూటర్ జవాబుతోపాటు రుజువు ఫైలు కూడా పంపుతుంది. దాన్ని చాలా కొద్ది పనితో సరిచూడొచ్చు.

2024 అక్టోబరులో గింప్స్‌లో పాల్గొనే ల్యూక్ డ్యూరాంట్‌కు 4,10,24,320 అంకెల ప్రధాన సంఖ్య దొరికింది. వేర్వేరు ప్రోగ్రాములతో, వేర్వేరు మెషీన్ల మీద మళ్లీ లెక్క కట్టాకే ప్రకటించారు.

ఇప్పుడు మీ వంతు. 2 ఘాతం 11లోంచి 1 తీస్తే 2047. అది 23 ఇంటూ 89, కాబట్టి సున్నా రాదు. తొమ్మిదిసార్లు చేసి చివరి శేషం ఎంతో ఇద్దరూ వేర్వేరు కాగితాల మీద రాసి పంపండి. ఒకరిది ఒకరు చూడకండి. నా జవాబు మడిచి డ్రాయర్‌లో పెట్టాను.

మీ తాతయ్య