కొటియాలో 1936 ఇంకా నడుస్తోంది

కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకులో, కొండల మీద ఉన్న కొటియా గ్రామాల పేరు ఎన్నికలప్పుడు పత్రికలకెక్కుతుంది. ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రెండూ తమవేనంటున్న 21 ఊళ్లవి. ఒకే ఇంట్లో ఒడిశా రేషన్ కార్డు, ఆంధ్రప్రదేశ్ రేషన్ కార్డు రెండూ కనిపిస్తాయి. రెండు రాష్ట్రాల్లోనూ ఓటు వేసేవారున్నారు. 2021 ఫిబ్రవరిలో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా సుప్రీంకోర్టు తలుపు తట్టింది. మన వార్తలు సాధారణంగా అక్కడి నుంచే మొదలవుతాయి. అదే నాకు బాధ.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది. అంతవరకు మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో భాగంగా ఉన్న జయపురం ప్రాంతం కొరాపుట్ జిల్లాగా అందులో చేరింది. ఒడియావారు ఆ రోజును ఉత్కళ దివస్‌గా జరుపుకుంటారు. అదే రోజు ఒడిశాలో కలిసిన పర్లాకిమిడి తెలుగువారికి ఆ తేదీ వేరొకటి గుర్తుచేస్తుంది. ఆ ఊళ్లో దశాబ్దాలు పాఠాలు చెప్పి, సవర భాషకు వ్యాకరణం రాసిన గిడుగు రామమూర్తి ఆ విలీనం ఇష్టంలేక ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. కొటియా తగాదా 1968లో సుప్రీంకోర్టుకెక్కింది. ఇది పార్లమెంటు తేల్చాల్సిన విషయమని, అంతవరకు యథాతథ స్థితి కొనసాగాలని 2006లో కోర్టు చెప్పింది.

ఫ్రెంచి చరిత్రకారుడు బ్రోదెల్ కాలం ఒకే వేగంతో నడవదన్నాడు. కొండలూ వాగులూ మారే కాలం ఒకటి, బతుకుతెరువులూ సమాజాలూ మారే కాలం మరొకటి, రాజకీయ ఘటనల కాలం ఇంకొకటి. కొటియాలో ఈ మూడూ కలిసే ఉన్నాయి. కొండ దిగి సంతకు వెళ్లే దారి ఏ సరిహద్దు గీతకన్నా పాతది. పిల్లలు ఏ లిపిలో చదువుకుంటారన్నది ఒకటి రెండు తరాల్లో మారిపోయింది. కోర్టు తీర్పు ఒక్క రోజు పని. తీర్పు ఒక్కటే చదివినవారికి ఆ దారి కనబడదు.

నడుస్తున్న కాలాన్ని చరిత్రగా రాయకూడదని 19వ శతాబ్దపు పండితులు చాలామంది నమ్మారు. దస్తావేజులు తెరుచుకోవాలి, ఆవేశాలు చల్లారాలి అన్నారు. మరి ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు థూసిడిడీస్ తాను సేనానిగా పోరాడిన యుద్ధాన్నే రాశాడు కదా! రెండో ప్రపంచ యుద్ధం మిగిల్చిన ప్రశ్నలు ఆ నమ్మకాన్ని కదిలించాయి. 1978లో ఫ్రాన్స్‌లో వర్తమాన కాల చరిత్రకే ఒక పరిశోధన సంస్థ వెలిసింది. చూసినవారు బతికున్నంత మేరా వర్తమానమే అన్నది ఆ చరిత్రకారుల్లో బలంగా వినిపించే నిర్వచనం.

ఆ కొలతతో చూస్తే కొటియాకు 1936 ఇంకా వర్తమానమే, కాని ఎక్కువ కాలం కాదు. అప్పటి పిల్లలకు ఇప్పుడు తొంభై దాటాయి. శిస్తు ఎవరికి కట్టారు, మొదటి బడి ఏ భాషలో తెరిచారు, భూమి కొలిచే అమీను గొలుసు పట్టుకుని వచ్చాడా లేదా అన్నవి ఏ ఫైలు కన్నా ముందు వాళ్లనే అడగాలి, అక్కడి కోందుల భాష కువిలోనూ తెలుగులోనూ ఒడియాలోనూ. రెండు ప్రభుత్వాలూ ఇన్నేళ్లుగా కోర్టుకు కాగితాలు మోశాయి. ఈ ముసలివాళ్ల మాటలు రాసిపెట్టే పని మాత్రం విశ్వవిద్యాలయాలు ఈ ఏడాదే మొదలుపెట్టాలి.