యార్డు మనదే, రూల్స్ మాత్రం హెచ్‌ఓఏవి: అపోహలు - వాస్తవాలు

డాలస్ శివార్లలో, ఫ్రిస్కో, ప్లేనో వైపు మనవాళ్ల ఇళ్లకు యార్డు (ఇంటి చుట్టూ ఉండే స్థలం) పనులు చేస్తుంటాను. కాలనీలో ఇళ్ల యజమానుల సంఘాన్నే ఇక్కడ హెచ్‌ఓఏ అంటారు, యార్డులో ఏం మార్చాలన్నా దాని రూల్సే. టేపు తీసి కొలవకముందే అడిగే మొదటి మాట, "హెచ్‌ఓఏ కాగితాలు ఎక్కడున్నాయండీ?" భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఇల్లు కొన్న రోజు సంతకాలు పెట్టిన కట్టలోనే ఉంటాయవి. ఆ కట్ట మళ్లీ ఎవరూ విప్పరు. నాకు తరచూ వినిపించే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను. చెప్పే చట్టాలన్నీ టెక్సస్‌వి.

అపోహ: పక్కింటాయన పందిరి వేశాడుగా, మనమూ వేసుకోవచ్చు.

వాస్తవం: ఆయన హెచ్‌ఓఏకి అప్లికేషన్ పెట్టుకుని వేశాడేమో. లేదా ఆయనకూ నోటీసు దారిలో ఉందేమో! ఒక ఇంట్లో ఆనప పందిరి ఫెన్సు మీద రెండడుగులు లేచింది. పిందెలు పడే వేళకు నోటీసు వచ్చింది. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. కాపు అయ్యేదాకా గడువు ఇమ్మని రాతపూర్వకంగా అడిగాం, ఇచ్చారు. మరుసటి ఏడాది అదే పందిరి ఫెన్సు కంటే ఆరంగుళాలు కిందకు వేశాం. కాయలేమీ తగ్గలేదు.

అపోహ: హెచ్‌ఓఏ మేనేజర్ ఫోన్లో సరే అన్నాడు, సిటీ పర్మిట్ కూడా ఉంది.

వాస్తవం: రెండూ హెచ్‌ఓఏ ఆమోదం కిందకు రావు. కాగితం మీద రావాలి. మేనేజర్లు మారిపోతుంటారు.

అపోహ: అప్లికేషన్లు చూసే హెచ్‌ఓఏ కమిటీ కాదంటే ఇక అంతే.

వాస్తవం: 2021లో చట్టం మారింది. కాదంటే ఎందుకో, ఏం మారిస్తే ఒప్పుకుంటారో రాసి ఇవ్వాలి. ఆ నోటీసు పోస్టు చేసిన 30 రోజుల్లోపు బోర్డు ముందు హియరింగ్ అడగొచ్చు. మరీ చిన్న కాలనీలకు, ఇంకా బిల్డర్ చేతిలో ఉన్న వాటికి ఇది వర్తించదు. నా అనుభవంలో సగం తిరస్కరణలకు కారణం చెట్లు కాదు, బొమ్మ లేని అప్లికేషన్. ప్లాట్ సర్వే (స్థలం కొలతల పటం) కాపీ మీద ఏ మొక్క ఎక్కడో గీసి, ఎత్తు రాసి పంపండి.

అపోహ: ఇంటి ముందు తులసికోట కడితే ఫైన్ ఖాయం.

వాస్తవం: మతవిశ్వాసంతో ఇంటి ఆవరణలో పెట్టుకునే వాటిని హెచ్‌ఓఏ నిషేధించకూడదని 2021 నుంచి చట్టం చెబుతోంది. అయితే సెట్‌బ్యాక్ గీత (హద్దు నుంచి కట్టకుండా వదలాల్సిన దూరం) దాటకూడదు, ఈజ్‌మెంట్‌లో (పైపులు, తీగల వంటి వాటి కోసం ఇతరులకు హక్కున్న స్థలం) ఉండకూడదు. ఇంకో మాట, కోటలో నేరుగా నాటకండి. తొలి మంచుకే తులసమ్మ నల్లబడిపోతుంది. కుండీతో సహా కోటలో దించితే చలికాలం ఇంట్లోకి తెచ్చుకోవచ్చు.

అపోహ: ఇంటి ముందంతా గడ్డే ఉండాలి.

వాస్తవం: నీళ్లు తక్కువ తాగే మొక్కలతో యార్డు వేసుకుంటామంటే 2013 చట్టం ప్రకారం అకారణంగా కాదనలేరు. ప్లాన్ మాత్రం అడగొచ్చు. అలాగని మొత్తం గులకరాళ్లు పోస్తానంటే కుదరదు. రాళ్లు, కంకర, కాక్టస్‌ల మీద ఆంక్షలు పెట్టే హక్కు వాళ్లకుంది. వాననీటి పీపాలూ అంతే, పెట్టుకోవచ్చు గానీ ఇంటి ముఖానికీ రోడ్డుకూ మధ్య వద్దనగలరు.

అపోహ: పక్క సందు ఖాళీయేగా, మట్టి పోసి గోంగూర మడి చేద్దాం.

వాస్తవం: ఇక్కడ మాత్రం నేనే ఒప్పుకోను. రెండిళ్ల మధ్య కనిపించే ఆ సన్నటి పల్లం బిల్డర్ కావాలని వదిలింది, వాన నీళ్లు వీధిలోకి పోయే దారి. ఇక్కడిది నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు తీస్తుంది. పల్లం పూడితే నీళ్లు పునాది దగ్గరే నిలుస్తాయి, లేదా పక్కింటికి తిరుగుతాయి. అలా మళ్లించి నష్టం చేస్తే టెక్సస్ వాటర్ కోడ్ (నీటి చట్టం) కింద వాళ్లు కోర్టుకెళ్లొచ్చు. హెచ్‌ఓఏ ఆమోదం చూపించినా తప్పించుకోలేం. గోంగూరకు పెరటి ఎండ చాలు.

అపోహ: ఆమోదం వచ్చింది, ఇక పార పట్టడమే.

వాస్తవం: ముందు 811కి ఫోన్ చేయండి, పని రోజులు రెండు చేతిలో పెట్టుకుని. భూమిలో ఉన్న గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో గుర్తు పెట్టించే నంబరది. ఉచితం. వచ్చి గీతలు వేస్తారు: పసుపు గ్యాస్‌కు, ఎరుపు కరెంటుకు. స్ప్రింక్లర్ పైపులు మాత్రం వాళ్ల లెక్కలోకి రావు. ఒక్కో జోన్ ఆన్ చేసి, ఎక్కడెక్కడ నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్ తలలు లేస్తున్నాయో చూసి మనమే చిన్న జెండాలు గుచ్చుకోవాలి.