మెలటోనిన్ మాత్రలు, కిడ్నీ జబ్బు: కొన్ని అపోహలు, వాస్తవాలు

దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉన్నవారిలో, మరీ ముఖ్యంగా డయాలసిస్ చేయించుకుంటున్నవారిలో, నిద్ర పట్టకపోవడం చాలా తరచుగా కనిపించే బాధ. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరును తెలిపే రక్తపరీక్ష), పొటాషియం, రక్తపోటు గురించి మాట్లాడుకునేసరికే సమయం అయిపోతుంది కనుక ఈ బాధను చాలామంది డాక్టరు ముందు ఎత్తరు, నిద్రవేళ అయిందని ఒంటికి తెలిపే హార్మోనైన మెలటోనిన్‌ను మాత్రలుగా సొంతంగా తెచ్చుకుని వేసుకుంటారు. కిడ్నీ వైద్యుల్లో ఒకరిగా (నెఫ్రాలజిస్టుగా) నేను తరచుగా వినే అపోహలు ఇవి.

అపోహ: ఒంట్లో సహజంగా తయారయ్యే హార్మోనే కాబట్టి ఎంత వేసుకున్నా ఫరవాలేదు.

వాస్తవం: 3 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటే రక్తంలో మెలటోనిన్ రాత్రివేళ సహజంగా ఉండే స్థాయికి ఎన్నో రెట్లు పెరుగుతుంది. దీన్ని ప్రధానంగా విరగ్గొట్టేది కాలేయం; కిడ్నీలు బయటికి పంపేది ఆ తర్వాత మిగిలే పదార్థాలను. అందువల్ల కిడ్నీలు బలహీనపడినంత మాత్రాన ఇది విషంలా పేరుకుపోతుందని భయపడనక్కరలేదు. అసలు జాగ్రత్త పడవలసింది ఇతర మందుల విషయంలో. కాలేయంలో దీన్ని విరగ్గొట్టే ఎంజైమును ఫ్లూవోక్సమిన్ అనే మానసిక సమస్యల మందు గట్టిగా అడ్డుకుంటుంది, సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కూడా అడ్డుకుంటుంది; దాంతో రక్తంలో మెలటోనిన్ ఇంకా పెరుగుతుంది. నిఫెడిపిన్ అనే రక్తపోటు మందు వాడుతున్నవారికి మెలటోనిన్ ఇచ్చి చూసిన ఒక అధ్యయనంలో రక్తపోటు తగ్గకపోగా పెరిగింది. రక్తం పలుచబరిచే వార్‌ఫరిన్ వాడేవారిలో రక్తస్రావం ముప్పు పెరగవచ్చు. కిడ్నీ రోగుల చీటీల్లో రక్తపోటు మందులూ రక్తం పలుచబరిచే మందులూ మామూలే కాబట్టి ఈ మాటను తేలిగ్గా తీసుకోవద్దని కోరుతున్నాను.

అపోహ: మెలటోనిన్ వాడితే క్రియాటినిన్ తగ్గుతుంది, కిడ్నీలు కోలుకుంటాయి.

వాస్తవం: ఈ ఆశకు మూలం ఎక్కువగా జంతువులపై జరిగిన ప్రయోగాలు. మనుషుల్లో కిడ్నీ జబ్బు ముదరకుండా ఇది ఆపుతుందని చెప్పడానికి తగిన ఆధారం లేదు. దీన్ని నమ్ముకుని రక్తపోటు, షుగరు మందులు మానేయడం ప్రమాదం.

అపోహ: డయాలసిస్ రోగుల్లో మెలటోనిన్ తక్కువగా ఉంటుంది కాబట్టి మాత్రతో ఆ లోటు తీర్చేస్తే నిద్ర కుదురుతుంది.

వాస్తవం: రాత్రివేళ పెరగవలసిన మెలటోనిన్ వీరిలో సరిగా పెరగదన్నది నిజమే. నెదర్లాండ్స్‌లో కొద్దిమంది డయాలసిస్ రోగులకు రాత్రి పది గంటలకు 3 మిల్లీగ్రాములు ఇచ్చి చూసినప్పుడు, కొద్ది వారాల్లో నిద్ర మెరుగుపడిందని 2009లో ప్రచురించారు. అక్కడే ఏడాది పాటు సాగిన మరో పరీక్ష ఫలితాలు 2013లో వచ్చాయి. మూడో నెలలో కనిపించిన మేలు పన్నెండో నెల నాటికి నిలవలేదు. నా దృష్టిలో దీనికంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది: వీరి నిద్రలేమికి మెలటోనిన్ లోటు ఒక్కటే కారణం కాదు. పడుకోగానే కాళ్ళు పీకినట్టై, లేచి నాలుగడుగులు నడిస్తే గానీ కుదుటపడకపోతే అది రెస్ట్‌లెస్ లెగ్స్ కావచ్చు. అప్పుడు ముందుగా ఐరన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వను తెలిపే పరీక్ష) చూడాలి. మత్తు కలిగించే అలర్జీ మాత్రను దురదకో నిద్రకో వాడుతుంటే ఈ బాధ ఇంకా పెరుగుతుంది. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉంటోందని ఇంట్లోవాళ్ళు చెబితే స్లీప్ ఆప్నియా పరీక్ష కావాలి. దురద, రాత్రి పదేపదే మూత్రానికి లేవడం, సాయంత్రం వేసుకునే మూత్రం మాత్ర, దిగులు, ఇవన్నీ అడిగి తెలుసుకోవలసినవే. నాలుగు గంటల డయాలసిస్ సేపూ కుర్చీలో గాఢంగా నిద్రపోయిన మనిషికి ఆ రాత్రి నిద్ర రాకపోవడంలో వింత లేదు. ఆ పగటి నిద్రను తగ్గించకుండా మాత్రను తప్పుబట్టి ప్రయోజనం లేదు.

అపోహ: సీసా మీద రాసిందే లోపల ఉంటుంది.

వాస్తవం: సప్లిమెంటుగా అమ్మే చోట ఈ నమ్మకం చెల్లదు. కెనడాలో 31 ఉత్పత్తులను పరీక్షించి 2017లో ప్రచురించిన ఫలితాల్లో, కొన్నింటిలో చెప్పినదానికంటే 83 శాతం తక్కువగా, కొన్నింటిలో 478 శాతం ఎక్కువగా మెలటోనిన్ ఉంది. ఎనిమిదింటిలో లేబుల్ మీద రాయని సెరటోనిన్ (మెదడులోనూ పనిచేసే మరో రసాయనం) కూడా కనిపించింది. కిడ్నీ రోగి మరింత శ్రద్ధగా చూడవలసింది మెలటోనిన్‌తో కలిపి అమ్మే ఇతర పదార్థాలను. సీసా వెనుక చిన్న అక్షరాల్లో మెగ్నీషియం ఉందేమో చదవండి, ఎందుకంటే కిడ్నీలు పని చేయనప్పుడు అది రక్తంలో పేరుకుంటుంది. మూలికల మిశ్రమాలను నేను ఏ కిడ్నీ రోగికీ సిఫారసు చేయను.

అపోహ: కిడ్నీ మార్పిడి అయినవారికి ఇక భయం లేదు.

వాస్తవం: మెలటోనిన్‌కు రోగనిరోధక వ్యవస్థను ప్రేరేపించే గుణం ఉండవచ్చు. కొత్త కిడ్నీని కాపాడే మందులు ఆ వ్యవస్థనే అణచి ఉంచుతాయి కాబట్టి, మార్పిడి చేసిన వైద్యబృందానికి చెప్పకుండా ఒక్క మాత్ర కూడా వేసుకోకూడదు. మిగతావారి విషయంలో కారణాలన్నీ వెతికాక కూడా అవసరం అనిపిస్తే, ఇతర పదార్థాలేవీ కలవని తక్కువ మోతాదు మాత్రను, పడుకోవడానికి గంట, రెండు గంటల ముందు, కొన్ని వారాలకే రాసిస్తాను. గుణం కనిపించకపోతే మోతాదు పెంచను, ఆపేస్తాను.