అపోహలు – వాస్తవాలు: “పైసలు నేనే కట్టిన, డొమైన్ నాదే”

వెబ్‌సైట్ పని మీద నా దగ్గరికి కొత్తగా ఎవరు వచ్చినా నేను ముందు అడిగేది ఒకటే: “మీ డొమైన్, అంటే మీ సైట్ అడ్రస్ పేరు, ఏ అకౌంట్‌లో ఉంది?” డిజైన్ గురించి, రంగుల గురించి మాట్లాడదామని వచ్చినవాళ్లకు ఈ ప్రశ్న వింతగా ఉంటుంది. “సైట్ చేసిన పిల్లగాడే చూసుకుంటడు సార్” అంటారు. హన్మకొండ చౌరస్తాలో బట్టల షాపైనా, ములుగు రోడ్డులో స్కానింగ్ సెంటరైనా దాదాపు ఇదే జవాబు.

వాస్తవం ఏంటంటే, డొమైన్‌ను ఎవరూ శాశ్వతంగా కొనలేరు. ఏడాదికో రెండేళ్లకో, మహా అయితే 10 ఏళ్లకో రిజిస్టర్ చేసుకుంటాం, గడువు దగ్గరపడితే రిన్యూ చేసుకుంటాం. రిజిస్ట్రార్ (డొమైన్లు రిజిస్టర్ చేసే కంపెనీ) దగ్గర ఎవరి పేరు, ఎవరి ఈమెయిల్ ఉంటే డొమైన్ వాళ్లదే. మీరు డెవలపర్‌కు ఫోన్‌పే కొట్టిన స్క్రీన్‌షాట్ అక్కడ చెల్లదు.

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు అమ్మే ఒకాయన ఓ పొద్దున ఫోన్ చేశాడు. “అన్నా, మన సైట్ ఓపెన్ అయితలేదు. ఎవడో హ్యాక్ చేసిండట.” ఆ ‘అట’ అన్నది ఎవరో తెలియదు. పక్క షాపాయన హ్యాక్ అన్నాడట, ఇంకొకాయన పోటీదారుల పనే అన్నాడట, మూడో ఆయన ఏకంగా యాంటీవైరస్ అమ్మేశాడు. పాపం, రాత్రంతా నిద్రపోలేదు. వరంగల్ దరీలకు, అంటే ఈ జంపఖానాలకే, 2018లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చాక బయటి ఊళ్ల నుంచి అడిగేవాళ్లు పెరిగారని, ఆర్డర్లన్నీ ఆ సైట్ మీదే వస్తున్నాయని అతని టెన్షన్.

హ్యాకూ లేదు, చేతబడీ లేదు. డొమైన్ వివరాలు చూపించే హూఈజ్‌లో చూస్తే డొమైన్ గడువు తీరిపోయింది. సైట్ చేసిన అబ్బాయి హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరి నంబర్ మార్చేశాడు. మోసగాడేం కాదు. డాట్ కామ్ లాంటి వాటికి గడువుకు నెల ముందు, వారం ముందు, తీరిన తర్వాత కూడా రిజిస్ట్రార్ నోటీసులు పంపాలని, డొమైన్ల వ్యవస్థను చూసే అంతర్జాతీయ సంస్థ ఐకాన్ నిబంధనే ఉంది. పంపారు కూడా. అన్నీ ఆ అబ్బాయి కాలేజీ రోజుల్లో వాడిన జీమెయిల్‌లో చదవకుండా పడి ఉన్నాయి. ఇక్కడ బిల్లు బుక్కు మీద, అట్టపెట్టెల మీద, ట్రాలీ ఆటో వెనక అదే సైట్ పేరు. ఆ డొమైన్ పేరుతో నడిచే ఈమెయిల్ కూడా ఆగిపోయింది కాబట్టి, ఆర్డర్ పంపినవాళ్లకు మెయిల్ తిరిగి వెళ్లిపోతోంది.

ఆ అబ్బాయి మేనమామను కాజీపేటలో పట్టుకుని నంబర్ సంపాదించాం. అప్పటికే డొమైన్ రిడెంప్షన్‌లో, అంటే అదనంగా కట్టి విడిపించుకోవాల్సిన దశలో పడింది. జంపఖానాలాయన మామూలు రిన్యువల్‌కు ఎన్నో రెట్లు కట్టి వెనక్కి తెచ్చుకున్నాడు. ఇంకా ఆలస్యమైతే? డాట్ కామ్‌కు రిడెంప్షన్ 30 రోజులు, ఆ తర్వాత 5 రోజులు పెండింగ్ డిలీట్ (అప్పుడిక విడిపించుకోలేం), ఆపైన ఎవరు ముందు రిజిస్టర్ చేసుకుంటే వాళ్లది. అలా పోయిన పేరు మీద రమ్మీ ప్రకటనలు నడుస్తుంటే పాత కస్టమర్లు మీకే ఫోన్ చేసి తిడతారు.

“డొమైన్ నా పేరు మీదికి మార్చమని ఎట్ల అడగాలె సార్, మా బామ్మర్ది దోస్తు, ఫీలైతడు” అంటారు. ఆ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ ఇల్లు కట్టిన మేస్త్రీ పేరు మీద పట్టా చేయించం కదా. మర్యాదగానే అడగండి. మీ సొంత ఈమెయిల్, మీ సొంత మొబైల్‌తో రిజిస్ట్రార్ దగ్గర అకౌంట్ తెరవండి. డెవలపర్‌దీ అదే రిజిస్ట్రార్ అయితే సాధారణంగా ఆ అకౌంట్ నుంచి మీ అకౌంట్‌కు మార్చేయొచ్చు. వేరే రిజిస్ట్రార్ అయితే డొమైన్ బయటికి పోకుండా ఉంచే లాక్ తీయించి ఆథ్ కోడ్ (మార్చుకోవడానికి అడిగే పాస్‌వర్డ్ లాంటిది) తీసుకోండి. డాట్ కామ్ రిజిస్టర్ చేసి 60 రోజులు కాకపోతే రిజిస్ట్రార్ మారడానికి ఆగాల్సి రావచ్చు, కంగారు పడకండి. ఆటో రిన్యూ పెట్టాం కదా అన్న ధీమా కూడా వద్దు, కార్డు గడువు తీరితే అది పనిచేయదు. హోస్టింగ్ (సైట్ ఫైళ్లు ఉండే చోటు) లాగిన్, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో (గూగుల్‌లో, మ్యాప్స్‌లో మీ షాపు వివరాలు చూపించేది) ఓనర్ హక్కు కూడా ఇదే ఊపులో తెచ్చుకోండి.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తా.

“గూగుల్‌లో ఫస్ట్ ప్లేస్ గ్యారంటీ.” ఆ గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగులే చెబుతోంది. “గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, పైసలు కట్టకపోతే మీ లిస్టింగ్ తీసేస్తాం” అని ఫోన్ వస్తే పెట్టేయండి. బిజినెస్ ప్రొఫైల్ ఉచితం.

“కీవర్డ్స్ ట్యాగ్‌లో వంద పదాలు పెట్టాం.” పేజీ కోడ్‌లో పైకి కనిపించకుండా ఉండే ఆ ట్యాగ్‌ను వెబ్ ర్యాంకింగ్‌కు తాము వాడట్లేదని గూగుల్ 2009లోనే చెప్పింది. ఇంకా దానికి బిల్లు వేస్తున్నారంటే ఏమనాలి!

“గూగుల్ ఫ్రీగా ఇచ్చిన సైట్ ఉంది, చాలు.” బిజినెస్ ప్రొఫైల్‌తో వచ్చిన ఆ సైట్లను 2024 మార్చిలో మూసేశారు. మీది ఇప్పుడు తెరుచుకుంటోందో లేదో చూసుకున్నారా?

“తాళం గుర్తు ఉంది, సైట్ నమ్మకమైనదే.” మధ్యలో ఎవరూ చదవకుండా సమాచారం వెళ్తుందని మాత్రమే దాని అర్థం. మోసగాళ్ల సైట్లకూ తాళం ఉంటుంది. ఆ తాళానికి కావాల్సిన సర్టిఫికెట్ లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ద్వారా ఉచితంగా వస్తుంది, ఏటా విడిగా వేలు అడిగితే దేనికో అడగండి.

“తెలుగులో పెడితే గూగుల్‌కు అర్థం కాదు.” ఇది చాలావరకు మన డీటీపీ సెంటర్ల పుణ్యం. పాంప్లెట్ అను ఫాంట్లలో కొట్టించి అదే మ్యాటర్ సైట్‌లో పేస్ట్ చేస్తే, ఆ ఫాంట్ లేని ఫోన్లో పిచ్చి అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. లేదా పాంప్లెట్‌నే జేపీజీ బొమ్మగా ఎక్కిస్తారు. యూనికోడ్‌లో (ఫోన్లో మామూలుగా తెలుగు కొట్టే పద్ధతి) టైప్ చేసిన తెలుగు గూగుల్‌కు హాయిగా అర్థమవుతుంది. మీ సైట్ ఫోన్లో తెరిచి ఒక తెలుగు మాట మీద వేలు నొక్కి పట్టండి. మాట సెలెక్ట్ అయి, వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే తెలుగులోనే వస్తే సరే. లేకపోతే మళ్లీ టైప్ చేయించండి.

“ప్రతి వ్యాపారానికీ వెబ్‌సైట్ ఉండాల్సిందే.” నా కడుపు నేనే కొట్టుకునే మాటే గానీ, అక్కర్లేదు. గల్లీలో టిఫిన్ సెంటర్ నడిపేవాళ్లు వస్తే నేనే వెనక్కి పంపిస్తా. బిజినెస్ ప్రొఫైల్‌లో సరైన ఫోన్ నంబర్, టైమింగ్స్, నాలుగు మంచి ఫొటోలు పెట్టుకోండి. పండగరోజు బంద్ చేస్తే అది కూడా అందులో మార్చండి.