స్వాబ్‌ను ఫ్రిజ్‌లో పెట్టిన రోజు

నేను ల్యాబ్‌లో చేరిన కొత్త. మే నెల, తిరుపతి ఎండ. ఒకామె యోని స్రావాన్ని తీసిన దూది పుల్ల, అదే స్వాబ్, పాడైపోతుందేమోనని మా ల్యాబ్ పిల్లోడు దాన్ని జాగ్రత్తగా ఫ్రిజ్‌లో పెట్టాడు. రెండు గంటల తర్వాత సెలైన్ చుక్కలో కలిపి మైక్రోస్కోపు కింద చూస్తే కదలిక లేదు. ఏమీ లేదని రాసిచ్చేశాం. డాక్టరమ్మకు అనుమానం తీరక మళ్లీ పంపింది. ఈసారి తీసిన ఐదు నిమిషాల్లోనే చూశా. తెల్లకణం కంటే కాస్త పెద్దగా, బేరిపండు ఆకారంలో ఒకటి, తోక తెగిన గాలిపటంలా గిరికీలు కొడుతోంది. ట్రైకోమొనాస్ అనే సుఖవ్యాధి క్రిమి! చలికి దీని ఈత ఆగిపోతుంది. ఈదకపోతే తెల్లకణాల గుంపులో దాన్ని పట్టుకోవడం మా తరం కాదు. వెంటనే చూసినా ఈ పరీక్షకు చిక్కేది దాదాపు సగం కేసులే.

మా వైపు ఆడవాళ్లు తెల్లబట్ట అవుతోందంటే ముందు వేడి చేసిందనుకుని సబ్జా గింజలు తాగుతారు. తగ్గకపోతే ల్యాబుకొచ్చి, "అన్నీ తెలిసిపోయేలా ఒక రక్తపరీక్ష చేసేయండి మేడమ్" అంటారు. రక్తంలో తెలిసేవి సిఫిలిస్, హెచ్ఐవి, హెపటైటిస్ బి లాంటివి. గనేరియా, క్లామీడియా, ట్రైకోమొనాస్ కాపురముండేది యోనిలో, గర్భాశయ ముఖద్వారంలో. చేతికి సూది గుచ్చితే అవెలా దొరుకుతాయి?

ఇంకో మాట. తెల్లబట్ట అయిన ప్రతిసారీ మొగుణ్ణి అనుమానించక్కర్లేదు. బెల్లం ముక్కకు చీమలు పట్టినట్టు యోని లోపలి పొర కణాల చుట్టూ బాక్టీరియా అంటుకుని, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేయగానే చేపల వాసన గుప్పుమంటే అది బాక్టీరియల్ వజైనోసిస్. అదీ, విరిగిన పెరుగులా కనిపించే కాండిడా ఫంగసూ సుఖవ్యాధుల లెక్కలోకి రావు.

చీము కారే మగవాళ్లలో గనేరియా, మైక్రోస్కోపు కింద క్రిములు కనబడేలా వేసే గ్రామ్ రంగుతో ఇట్టే తెలిసిపోతుంది. ఆడవాళ్లలో ఆ రంగు సగం మందిని వదిలేస్తుంది. క్లామీడియా మరీ మొండిది; మనిషి కణం లోపల తప్ప పెరగదు, ల్యాబుల్లో క్రిములను పెంచే మామూలు అగార్ జెల్లీ మీద మొలవదు. పైగా అది సోకిన ఆడవాళ్లలో ఎక్కువమందికి ఏ బాధా తెలియదు. సుఖవ్యాధుల కోసం సర్కారు నడిపే సురక్షా క్లినిక్‌లలో లక్షణాలు చూసి బూడిద రంగు, ఆకుపచ్చ మందుల కిట్లు ఉచితంగా ఇస్తారు. మంచిదే, కానీ లక్షణమే లేనామె అక్కడికి ఎందుకు వెళ్తుంది? అందుకే పీసీఆర్ లాంటి పరీక్షలు కావాలి. కరోనా రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టి చేసినదాని చుట్టమే ఇది. క్రిమి చచ్చినా సరే, దాని జన్యువు ముక్క దొరికితే చాలు, కోట్ల నకళ్లు తీసి చూపిస్తుంది. యోని స్వాబ్‌ను ఆమే స్వయంగా తీసుకోవచ్చు. సిగ్గుతో వెనక్కి తగ్గేవాళ్లకు అది పెద్ద ఊరట. ఖర్చు మాత్రం ఎక్కువ.

గర్భిణులకు సిఫిలిస్ కోసం చేసే వీడీఆర్ఎల్ రక్తపరీక్ష ఒక చిత్రం. అది సిఫిలిస్ క్రిమిని వెతకదు. ఎద్దు గుండె నుంచి తీసిన కార్డియోలిపిన్ అనే కొవ్వుతో రక్తంలోని యాంటీబాడీలు గుంపు కడతాయా అని చూస్తుంది. ఒక్కోసారి గర్భం వల్లే తప్పుడు పాజిటివ్ రావచ్చు, అందుకని సిఫిలిస్ క్రిమి మీదే పుట్టిన యాంటీబాడీలను వెతికే టీపీహెచ్ఏ పరీక్షతో ఖాయం చేసుకుంటాం. టీపీహెచ్ఏ ఒకసారి పాజిటివ్ అయితే చికిత్స తర్వాత కూడా చాలామందిలో జన్మంతా అలాగే ఉంటుంది. పెన్సిలిన్ పనిచేసిందో లేదో చెప్పేది మళ్లీ వీడీఆర్ఎల్ అంకెలే, అంటే రక్తాన్ని ఎన్ని రెట్లు పలచన చేసినా పాజిటివ్ వస్తుందో ఆ లెక్క: 1:32 ఉన్నది 1:8కి దిగితే ఇంజెక్షన్ పట్టినట్టు.

ఆ ట్రైకోమొనాస్ ఆమెకు డాక్టరమ్మ మాత్రలు రాసింది, భర్తకూ రాసింది. ఆయన వేసుకోలేదు. మూడో నెల్లో ఆమె స్వాబ్ మళ్లీ నా బల్ల మీదికొచ్చింది, ఫ్రిజ్‌లోంచి కాదు, నేరుగా. చుక్కలో అదే గాలిపటం.