కలుపు ఎందుకు పీకొద్దన్నాడు?

చిన్నోడికి, బుజ్జమ్మకి ప్రభువు నామంలో తాతయ్య ముద్దులు.

చిన్నోడా, నువ్వు మొన్న అడిగింది ఫోన్లో రెండు మాటల్లో తేలేది కాదని ఉత్తరం రాస్తున్నాను. "చేలో కలుపు తీయకపోతే పంట రాదు కదా తాతయ్యా, యేసయ్య చెప్పిన కథలో యజమాని పీకొద్దంటాడేంటి?" అన్నావు. చేను చూసిన పిల్లాడు అడిగే ప్రశ్న అది. నాకెంత సంతోషమైందో!

ఆ కథ మత్తయి సువార్త 13వ అధ్యాయంలో ఉంది. యజమాని మంచి గోధుమ విత్తనం చల్లాడు. రాత్రి అందరూ నిద్రపోతుంటే పగవాడొచ్చి గురుగులు చల్లిపోయాడు. గురుగు మొక్క వెన్ను తీసేదాకా అచ్చం గోధుమలాగే ఉంటుంది. దాని గింజలు పిండిలో కలిస్తే తిన్నవాళ్లకు తల తిరుగుతుంది. పీకేస్తామని పనివాళ్లు తొందరపడితే, కోతల దాకా రెండూ కలిసి పెరగనివ్వండి అన్నాడు యజమాని.

మన వరిచేలో ఊద అలాంటిదే. మా అమ్మ కలుపు కూలికి వెళ్లేది. బడి లేని రోజు నేనూ వెంటపడి వెళ్లేవాణ్ణి. గట్టు మీద నుంచి చూస్తే నాకు చేనంతా ఒకటే పచ్చన. అమ్మ మాత్రం వంగిన నడుము ఎత్తకుండా ఊదను టకటకా లాగేసేది. ఎలా తెలుస్తుందమ్మా అంటే ఒకసారి వరి ఆకును వెనక్కి వంచి చూపించింది. ఆకు కాడను పట్టుకునే చోట తెల్లగా, పల్చగా చిన్న పొర నిలబడి ఉంది. ఊదకి అక్కడ ఏమీ ఉండదు, నున్నగా ఉంటుంది. మీరు ఊరొచ్చినప్పుడు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి, భలేగా ఉంటుంది.

అయితే ఈ కలుపు తీత చేను లేతగా ఉన్నప్పుడే. పొట్టకొచ్చాక చేలో ఎవర్నీ కాలు పెట్టనిచ్చేవారు కాదు. అప్పటికి కింద వేళ్లన్నీ పెనవేసుకుపోతాయి. ఒక్క ఊద దుబ్బు లాగితే పక్కనున్న వరి దుబ్బు మట్టితో సహా లేచొస్తుంది. కథలో యజమాని భయం కూడా అదే. గురుగుల మీద జాలితో కాదు, ఒక్క గోధుమ మొక్క కూడా పోకూడదని ఆగమన్నాడు.

ఆగమన్నాడు గానీ కోతే లేదనలేదు. ఈ కథలో గోధుమలంటే మంచివాళ్లు, గురుగులంటే చెడ్డవాళ్లు, కోతంటే చివర్లో దేవుడు చేసే తీర్పు. ఆ మాట మర్చిపోకండి. మా చిన్నప్పుడు కూలి గింజలు కొలిచేటప్పుడు కుంచంలో బొటనవేలు పెట్టి కొలిచే ఆసామి ఒకాయన ఉండేవాడు. ఎండలో నడుం విరిగేలా పనిచేసిన మా అమ్మకి ప్రతిసారీ గింజలు తక్కువే. దేవుడా, ఈయన నెత్తిన పిడుగు పడెయ్యమని ఒక రాత్రి నేను గట్టిగానే ప్రార్థన చేశాను. అమ్మ విని, "కోత దేవుడి పనిరా. నీ చేతికి కొడవలి ఇచ్చాడా?" అంది. నిజమే, కోసేవాళ్లు దేవదూతలని యేసయ్యే చెప్పాడు. తీర్పంటే నాకు భయమే, కానీ అది ఉండాలి. లేకపోతే మా అమ్మకి తక్కువైన ఆ గింజల లెక్క ఎవరడుగుతారు?

ఇక్కడిదాకా చేనుతో చెప్పగలిగాను. తర్వాతిది చేనుతో చెప్పలేం. ఎందుకంటే ఊద ఎన్నాళ్లు పెరిగినా ఊదే, దానికి వరి వెన్ను రాదు. మనిషి అలా కాదు. యేసయ్యను నమ్మిన స్తెఫను అనే ఆయన్ని రాళ్లతో కొట్టి చంపినప్పుడు, సాక్షులు తమ పైబట్టలు సౌలు అనే యువకుడి కాళ్ల దగ్గర పెట్టారు. ఆ చావు అతనికి ఇష్టమే. తర్వాత ఇంటింటికీ వెళ్లి ఆడామగా తేడా లేకుండా విశ్వాసుల్ని ఈడ్చుకెళ్లి చెరసాలలో వేయించాడు. ఆ సౌలే తర్వాత మారి, యేసయ్య మాట చెప్పే పౌలు అయ్యాడు. ఆ రోజే దేవుడు కలుపు తీసి ఉంటే పౌలు ఉండేవాడు కాదు, రోమీయులకు, కొరింథీయులకు అతను రాసిన పత్రికలు, అంటే ఉత్తరాలూ ఉండేవి కావు. దేవుడు ఆలస్యం చేస్తున్నాడని మనం విసుక్కుంటాం. ఎవరూ నశించకూడదని ఓర్చుకుంటున్నాడని పేతురు తన రెండో పత్రికలో రాశాడు. ఆ ఓర్పే కృప. నేనూ ఆ ఓర్పు మీదే బతికాను, పిల్లలూ.

బుజ్జమ్మా, అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం తీసి తమ్ముడికి పైకి చదివి వినిపించు. దమస్కులో అననీయ అనే శిష్యుడు ఉంటాడు. సౌలు దగ్గరికి వెళ్లమని ప్రభువు చెబితే భయపడతాడు, అయినా వెళతాడు. వెళ్లి, తమను చెరలో వేయించడానికి వచ్చిన ఆ మనిషి మీద చేతులుంచి మొట్టమొదట ఏమని పిలిచాడో చూసి నాకు రాయండి.

మీ తాతయ్య